ఐసు డబ్బా, నల్ల సీసా

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే. "మేడమ్, నరం దొరక్కపోతే ఎట్లా?"

దొరుకుతుంది తల్లీ, దొరకక ఎక్కడికి పోతుంది? కొన్నాళ్లు రోజూ గుచ్చితే కళ్లు మూసుకున్నా దొరుకుతుంది. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. తీసిన రక్తం ఆ తర్వాత ఏమవుతుంది? మంచం పక్కన గుడ్లప్పగించి చూస్తున్న అత్తగారికి ఏం చెప్పాలి? యంత్రం ఏమీ లేదంటే నమ్మాలా, వద్దా? ఇవేవీ నాకు కాలేజీలో చెప్పలేదు. సగం ఉద్యోగం గడిచిపోయాక, విమానాశ్రయం తెరిచిన కొత్తలో, ఒక టైఫాయిడ్ ప్రాజెక్టు పుణ్యమా అని తెలిశాయి.

నా పేరు మార్త. మాది తొండుపల్లి. మా నాన్న వారమంతా పొలంలో నాగలి పట్టి, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. నేను ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివి, శంషాబాద్‌లో ఒక ట్రస్టు దవాఖానలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండు, రెండూ అడగడం మానేశాక వచ్చాయి.

ఊరంతా టైఫాయిడే

అప్పటి శంషాబాద్ ఎట్లా ఉండేదో కాస్త చెప్పాలి. తలకాయ మీద నుంచి విమానం పోతే మా ల్యాబు కిటికీ అద్దాలు గలగలలాడేవి. మైక్రోస్కోపులో చూస్తున్నది చెదిరిపోయేది, తిట్టుకుంటూ మళ్లీ సరిచేసుకునేదాన్ని. ఎక్కడెక్కడి నుంచో పనివాళ్లు, కిరాయి గదులు, నీళ్ల ట్యాంకర్లు, రోడ్డు పక్కన మిర్చి బండ్లు, పానీపూరీ బండ్లు. వానలు మొదలైతే చాలు, జ్వరాలు వరస కట్టేవి.

జ్వరం వస్తే జనం మొదట మా దగ్గరికి రారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన చెయ్యి పట్టి చూసి ఒక ఇంజెక్షన్ పొడుస్తాడు. రెండు రోజులకు తగ్గకపోతే ఇంకోటి. ఆ తర్వాత ఎవరో వైడాల్ పరీక్ష చేయమంటారు. సీరం చుక్కలో మందు చుక్క కలిపి ఊపితే గడ్డలు కట్టాయా, టైఫాయిడ్ అని రాసిచ్చేయడమే. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ అది గడ్డ కడుతుంది, వేరే జ్వరానికీ కడుతుంది. నా మాట వినండి, ఆ ఒక్క చుక్కను నమ్మి మనిషికి రోగం పేరు పెట్టకండి. కల్చర్ చేయండి. రక్తాన్ని సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో ఓపిక పట్టి చూడండి. ఆలస్యమవుతుంది, అవనీయండి.

ఈ గోలలోకి డాక్టర్ వసుంధర గారు వచ్చారు. నగరంలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. కృష్ణా జిల్లా మనిషి, ఎంత కోపం వచ్చినా "అండీ" తగ్గదు. ఆమె అడిగిన ప్రశ్న నాకు మొదట వింతగా అనిపించింది. టైఫాయిడ్ బ్యాక్టీరియా మనిషి ఒంట్లో ఉన్నప్పుడు లోపల ఏం చేస్తోంది?

"ఏం జేస్తది మేడమ్? జ్వరం తెప్పిస్తది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మార్త గారూ, మీ పక్కింట్లో ఎన్ని గిన్నెలున్నాయో లెక్కపెడితే, ఇవాళ వాళ్లేం తింటున్నారో తెలుస్తుందా?"

"తెల్వది."

"పొయ్యి మీద ఏముందో చూడాలి కదండీ. జన్యువులు కూడా అంతే. బ్యాక్టీరియాకు జన్యువులు వేలల్లో ఉంటాయి. అన్నీ ఒకేసారి పనిచేయవు. సీసాలో పెరిగేటప్పుడు కొన్ని, మన ఒంట్లో తెల్లకణాల లోపల దాక్కున్నప్పుడు కొన్ని. ఏ జన్యువు పనిలోకి దిగిందో దాని ఆర్ఎన్ఏ చెబుతుంది. ఆ ఆర్ఎన్ఏ నిమిషాల్లో కరిగిపోతుంది. అది కరిగేలోపు మనం పట్టుకోవాలి."

ఇంకో చిక్కుంది. టైఫాయిడ్ రోగి రక్తంలో ఈ బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది, మామూలు సూదికి వచ్చే రక్తం చాలదు. అందుకే పెద్ద సీసా నిండా తీయాలి, అదీ మొదటి ఇంజెక్షన్ పడకముందే తీయాలి. రక్తం తీయడం నా పని. ఆర్ఎన్ఏ చూడటం నగరంలో ఆవిడ పని.

ఐసు భక్తి

నాకు పని నేర్పిన మొదటి ఇన్‌చార్జి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఐసంటే భక్తి. శాంపిల్ ఐసు లేకుండా గుమ్మం దాటితే, దాటించినవాణ్ని కూడా గుమ్మం దాటించేవాడు. నాకూ ఆ భక్తి అబ్బింది. ప్రాజెక్టు మొదలవగానే నేను చేసిన మొదటి పని మంచి ఐసు డబ్బాలు తెప్పించడం. రక్తం తీయడం, సీసాను ఐసులో గుచ్చడం, మూత బిగించడం, జీపులో నగరానికి పంపడం. అక్కడ ఆర్ఎన్ఏ కరగకుండా ఆపేసే ద్రావణం కలిపేవాళ్లు. మా పద్ధతి చూసి వచ్చిపోయే డాక్టర్లంతా మెచ్చుకునేవారు. నేను మురిసిపోయేదాన్ని.

ఏడాది గడిచింది. ఒకరోజు వసుంధర గారు ఫలితాల కాగితాలు పట్టుకుని తనే శంషాబాద్ వచ్చారు. మొహం వెలిగిపోతోంది. రోగులందరిలోనూ, ఆడా మగా తేడా లేకుండా, బ్యాక్టీరియాలో ఒకే గుంపు జన్యువులు జోరుగా పనిచేస్తున్నాయట. మనిషి ఒంట్లో బతకడానికి అది వేసే కొత్త ఎత్తు ఇదే కావచ్చునన్నారు. వ్యాసం రాయడం మొదలుపెట్టారు. మా దవాఖాన పేరు కూడా అందులో ఉంటుందన్నారు. ఆ రోజు నేను అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను.

వ్యాసం పంపడానికి ముందు ఆవిడ ఒక పని చెప్పారు, విని నాకు ఒళ్లు మండింది. ల్యాబులో మామూలు పోషక రసంలో పెరిగిన టైఫాయిడ్ బ్యాక్టీరియాను రెండు సీసాల్లో పోయాలి. ఒకదాంట్లో అప్పటికప్పుడే ద్రావణం కలిపేయాలి. రెండోదాన్ని ఐసు డబ్బాలో పెట్టి, శంషాబాద్ నుంచి నగరానికి అదే జీపులో, అదే దారిన తీసుకెళ్లి అక్కడ కలపాలి.

"మేడమ్, మనిషి లేడు, జ్వరం లేదు. ఉత్త రసాన్ని ఐసులో పెట్టి ఊరేగిస్తే ఏమొస్తది?"

"ఏమీ రాకూడదనే నా ఆశండీ. ఒక్కసారి ఊరేగించండి."

ఊరేగించాను. ఏమీ రాకూడని చోట అన్నీ వచ్చాయి. ఐసులో ప్రయాణం చేసిన రసంలో అచ్చం అవే జన్యువులు, అదే జోరు. ఊరేగని సీసాలో అవి గమ్మున కూర్చున్నాయి. అంటే ఏడాదిగా మేం చూసింది మనిషి ఒంట్లో బ్యాక్టీరియా సంగతి కాదు. చల్లబడుతున్న సీసాలో దానికి చలేసింది, అందుకు తగ్గ జన్యువులు పనిలోకి దిగాయి. మా ఐసు డబ్బా కథను మేమే చదువుకుని మురిశాం.

ఆ మాట చెప్పేటప్పుడు వసుంధర గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఏడుస్తారేమోనని నేను మంచినీళ్లు తెచ్చాను. ఆవిడ కళ్లు తెరిచి, "అమ్మయ్య" అన్నారు.

"అమ్మయ్య ఏంది మేడమ్? ఏడాది పని బూడిదల పోసినట్టాయె!"

"వ్యాసం ఇంకా నా బల్ల మీదే ఉందండీ. పోస్టు చేసి ఉంటే అప్పుడు ఏడవాలి."

బాసులు చాలామందిని చూశాను. తన సంతోషాన్ని తనే అనుమానించి, ఒక పూట పరీక్ష పెట్టుకున్న బాసును ఈవిడనే చూశాను. మీకు అలాంటి బాసు దొరికితే తిట్లు పడుతున్నా వదలకండి.

రక్తం నల్లగైతాంది!

పద్ధతి మార్చాం. ఐసు లేదు, జీపు తొందర లేదు. ద్రావణం ముందే పోసిన సీసాను రోగి మంచం దగ్గరికే తీసుకెళ్లి, నరంలోంచి వచ్చిన రక్తాన్ని వెచ్చగా ఉండగానే అందులో కలిపి ఊపడం. అప్పుడు బ్యాక్టీరియా ఏ పనిలో ఉందో ఆ పనిలోనే ఆగిపోతుంది. ఘాటు వాసన కొట్టే ద్రావణం అది. కలపగానే రక్తం గోధుమరంగు తిరిగి, చూస్తూ చూస్తూ ఉండగానే నల్లబడుతుంది.

మేమంతా చదువుకున్నవాళ్లం. రక్తం ఎందుకు తీస్తామో, ఎంత తీస్తామో, వద్దంటే మానేయొచ్చని, అన్నీ రోగులకు చెప్పి సంతకాలు తీసుకున్నాం. నల్లబడుతుందని ముందే చెప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. మాకది రోజూ చూసే రంగు.

స్వరూపది మంఖాల్. మొగుడి పేరు శ్రీశైలం, విమానాశ్రయంలో క్యాబు నడిపేవాడు. అయిదు నెలల కడుపుతో, వారం దాటిన జ్వరంతో మా దవాఖానకు వచ్చింది. అదృష్టం, ఆర్ఎంపీ ఇంజెక్షన్ ఏదీ పడలేదు. కడుపుతో ఉన్న పిల్లకు ఏదైనా అయితే తన మీదికి వస్తుందని ఆయన చెయ్యి వేయలేదట. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇది మూడోది. వెంట ఆమె అత్త అంజమ్మ. కొంగు నడుముకు బిగించి, కోడలి మంచం కాపలా కాస్తున్నట్టు నిలబడింది.

ఏం చేయబోతున్నామో చెప్పాను. స్వరూప తలూపింది, సంతకం పెట్టింది. రక్తం తీసి సీసాలో కలిపాను, ఊపాను.

"ఓ నర్సమ్మా! గదేంది? రక్తం నల్లగైతాంది!"

"నేను నర్సును గాదక్కా, ల్యాబు…"

"నువ్వెవలైతే నాకేంది! జ్వరమస్తే రక్తం నల్లగైతదా? ఏం గలిపినవ్ అండ్ల? అయ్యో, నా కోడలి ఒంట్ల రక్తమంత గిట్లనే ఉన్నదా? ఇగ ఆ పసిగుడ్డు ఏం బతుకుతది!"

వార్డు వార్డంతా లేచి వచ్చింది. మంచాల మీద ఉన్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు. ఒకామె దిష్టి అంది, ఇంకొకామె చేతబడి అంది. ఇంకెవరో, "రక్తం గుంజి కంపెనీలకు అమ్ముకుంటున్నరు" అన్నారు. మందు కలిపితే రంగు మారుతుందని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఒక్కరు వినలేదు. సాయంత్రానికి ఆ వార్డులో ప్రాజెక్టుకు రక్తం ఇస్తామన్న వాళ్లంతా సంతకాలు వెనక్కి ఇమ్మన్నారు.

స్వరూపకు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కల్చర్ సీసాలో టైఫాయిడ్ బ్యాక్టీరియా పెరిగింది. దాన్ని గాజు పళ్లెంలో పెంచి మందులు పెట్టి చూస్తే, మేం ఇస్తున్న మందుకు అది లొంగుతుందని తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వదగ్గ మందు కూడా అదే. అయినా జ్వరం దిగలేదు. పొద్దున కాస్త తగ్గినట్టుండి, సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది. నాలుగో రోజు అంజమ్మ ఫిజీషియన్ నర్సింగరావు గారిని వార్డు మధ్యలో నిలబెట్టి అడిగింది.

"సారూ, మీ మందు పని జేస్తలేదు. ఇంటికి తీస్కపోత. రక్తం నల్లగైననాడే నాకు తెల్సింది. ముందుగాల దిష్టి తీపియ్యాలె, ఎరికైన మంత్రగానికి సూపియ్యాలె."

నర్సింగరావు గారు మంచి డాక్టరు, కాని భయస్థుడు. తర్వాత నాతో విడిగా అన్నారు. "మార్తా, టైఫాయిడ్ జ్వరం దిగడానికి ఆరేడు రోజులు పట్టొచ్చు, నాకు తెలుసు. కానీ ఈ కేసులో ఆగాలంటే గుండె దడగా ఉంది. జ్వరం ఇట్లాగే ఉంటే కడుపు పోతుంది. మందు మారుద్దామంటే, మిగిలినవి కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వాలంటే చెయ్యి ఆడదు. ఇంటికి తీసుకెళ్తే ఇంజెక్షన్లు మధ్యలో ఆగిపోతాయి. అది అన్నిటికన్నా చేటు."

ఆ రోజే స్వరూప రెండో శాంపిల్ తీయాలి. మందు పడ్డాక బ్యాక్టీరియా ఏం చేస్తోందో చూడటానికి. అంజమ్మ మంచానికి అడ్డం నిలబడింది.

నాది గూడ నల్లగనే అయింది

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ రోజు మాత్రం కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది. ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. మేం చెప్పాల్సింది చెప్పకపోవడం వల్ల మందు మధ్యలో ఆపి ఇంటికి పోబోతోంది.

స్టూలు లాక్కుని అంజమ్మ ముందు కూర్చున్నాను. చీర చెంగు పక్కకు తీసి, నరం ఉబ్బేలా మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టుకున్నాను, ఒక కొసను పళ్లతో పట్టుకుని.

"ఏం జేస్తున్నవ్?" అంది అంజమ్మ.

"సూడు నువ్వే."

వార్డు సిస్టర్‌ను పిలిచి నా రక్తం తీయమన్నాను. కోడలి రక్తం ఎంత తీశామో అంత. తీసేటప్పుడు ఎర్రగా ఉన్నది అంజమ్మకు చూపించాను. ద్రావణం సీసాను ఆమె చేతికే ఇచ్చాను. "నువ్వే పట్టుకో అక్కా. నేను పోస్త."

పోశాను. అంజమ్మ చేతిలోనే సీసా గోధుమరంగు తిరిగింది, నల్లబడింది. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది, మూత దగ్గర వాసన చూసి "ఛీ!" అని మొహం తిప్పుకుంది.

"నాకు జ్వరం లేదు, దిష్టి లేదు. పొద్దున నాలుగు రొట్టెలు తిన్న. మరి నాది గూడ నల్లగనే అయింది గదా, నేను గూడ సస్తనా?"

వార్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. అంజమ్మ నవ్వలేదు. సీసాను, నన్ను, మళ్లీ సీసాను చూసింది.

"మరి గీ ముచ్చట ఆనాడే జెప్తే ఏమాయె?" అంది.

నిజమే. ఏమైంది? "చెప్పాల్సింది, తోచలే" అన్నాను.

అప్పుడు స్వరూప కళ్లు తెరిచింది. "తీస్కో అక్కా" అని చెయ్యి చాపింది. నరం కోసం తడుముతుంటే మెల్లగా అడిగింది. "అక్కా, నా బిడ్డ ఉంటదా?"

ఉంటుందని చెప్పేయాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. "నాకు తెల్వదు బిడ్డా. తెల్సుకునే పనే జేస్తున్న" అన్నాను.

సీసా నల్లబడుతుంటే ఈసారి అంజమ్మ చప్పుడు చేయలేదు. "ఎల్లుండిదాంక ఆగుత. ఆడికి దిగకపోతే నా కోడల్ని నేను తీస్కపోత" అంది. పక్కన శ్రీశైలం తల వంచుకుని, కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

చప్పుడు లేదంటే

స్వరూప రెండో శాంపిల్, నా రక్తం సీసా, రెండూ నేనే నగరానికి తీసుకెళ్లాను. కొన్ని ముఖ్యమైన జన్యువులను మాత్రమే చూసే చిన్న పరీక్ష ఒకటుంది, ఒక రోజులో అయిపోతుంది. స్వరూప మొదటి శాంపిల్‌లో, అంటే మందు పడకముందు తీసి నగరానికి పంపేసినదాంట్లో, ఆ జన్యువులు బ్రహ్మాండంగా పలికాయి. తెల్లకణాల లోపల బతకడానికి కావలసినవి, ఇనుము లాక్కోవడానికి కావలసినవి. బ్యాక్టీరియా మంచి పనిలో ఉంది. రెండో శాంపిల్ పెట్టాం. ఏ జన్యువూ పలకలేదు. తెర మీద గీత చదునుగా పోయింది.

నేను చప్పట్లు కొట్టాను. "మేడమ్, సచ్చింది!"

"కూర్చోండి" అన్నారు వసుంధర గారు. "చచ్చిందో, మన సీసాయే చెడిందో మీకెలా తెలుసు? ఊపడం తక్కువైందేమో, దారిలో ఎండ తగిలిందేమో. యంత్రానికి ఏమీ వినబడలేదంటే రక్తంలో చప్పుడైనా లేకపోవచ్చు, మన చెవులైనా పనిచేయకపోవచ్చు. ఒకసారి ఐసు మనల్ని మోసం చేసింది కదండీ?"

నా ఉత్సాహం చప్పున చల్లారింది. ఆవిడ బల్ల మీద మిగిలిన సీసా చూపించారు. "ఇదెవరిది?"

"నాది. అత్తను నమ్మించటానికి తీయించుకున్న."

ఆవిడ నన్ను చూసి, మొదటిసారి గట్టిగా నవ్వారు. "అదే రోజు, అదే ద్రావణం, అదే దారి. పైగా టైఫాయిడ్ లేని మనిషి రక్తం. ఇంతకన్నా మంచి సీసా నేను అడిగినా దొరకదండీ."

నా నల్ల రక్తాన్ని రెండు భాగాలు చేశాం. ఒక భాగాన్ని అలాగే ఉంచాం. రెండో భాగంలో, స్వరూప కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియానే బాగా పలచన చేసి, రోగి రక్తంలో ఎంత తక్కువగా ఉంటుందో అంత తక్కువగా కలిపాం. కలపగానే ద్రావణం దాన్ని ఆపేస్తుంది. ఆ తర్వాత అన్నిటినీ స్వరూప రెండో శాంపిల్‌తో కలిపి మొదటి నుంచి మళ్లీ పరీక్ష చేశాం. యంత్రం ముందు కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. వసుంధర గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

నా ఉత్త రక్తంలో ఏమీ పలకలేదు. బ్యాక్టీరియా కలిపిన భాగంలో, అంత కొంచెమే ఉన్నా, గీత పైకి లేచింది. స్వరూప రెండో శాంపిల్‌లో మళ్లీ చదునుగానే ఉంది.

"ఇప్పుడు చప్పట్లు కొట్టండి" అన్నారావిడ. నేను కొట్టలేదు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు చాలలేదు.

ఇక్కడ కొత్త పిల్లలు ఒక సంగతి గమనించాలి. పరిశోధన ఫలితాన్ని పట్టుకుని వైద్యం మార్చకూడదు. అది మా ప్రాజెక్టు అనుమతి పత్రంలోనే రాసి ఉంది, ఆవిడ ఆ మాటను ఎప్పుడూ జవదాటలేదు. అందుకే ఆవిడే స్వయంగా శంషాబాద్ వచ్చి నర్సింగరావు గారితో మాట్లాడారు. "డాక్టర్ గారూ, నేను మందు మార్చమనడం లేదు, ఆపమనడం లేదు. మీరు పళ్లెంలో చూసిన దానికి మా పరీక్ష ఎదురు చెప్పడం లేదు, అంతే. రక్తంలో బ్యాక్టీరియా పని ఆగిపోయింది. ప్లీహంలోనో ఎముకల మజ్జలోనో ఇంకా ఉండొచ్చు, అది మేం చూడలేదు. కోర్సు పూర్తి కావాల్సిందే. ఇది నమ్మి ఆగాలో లేదో మీ ఇష్టం."

ఆయన స్వరూప చార్టు తెరిచి, జ్వరం గీత వెంట వేలు పెట్టి చూశారు. విమానం ఒకటి పోయింది, అద్దాలు మోగాయి. "ఆగుదాం" అన్నారు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు రోజుకు రెండు పూటలా చూడమని సిస్టర్లకు చెప్పారు.

అంజమ్మకు చెప్పే పని నాకు పడింది.

"నా సీసల నీ కోడలి పురుగును జరంత కలిపి సూసినం అక్కా. యంత్రం పట్టింది. నీ కోడలి సీసల ఏం పట్టలే."

"అంటే సచ్చినయా?"

"రక్తంలోయి చప్పుడు జేస్తలేవు. జ్వరం జర ఆగి దిగుతది. పొయ్యి ఆర్పినా గిన్నె కొంచెం సేపు కాలుతనే ఉంటది గదా, గట్ల."

అంజమ్మ నా మొహంలోకి చూసింది. "నీ రక్తంల పురుగులు గలిపిండ్రా?" అంది, అదేదో త్యాగమన్నట్టు. అది సీసాలోని రక్తమేనని నేను చెప్పబోయాను. ఆమె అప్పటికే కొంగుతో కళ్లద్దుకుంటోంది. ఊరుకున్నాను. "అయితే ఇంక రెండు దినాలు సూస్త" అంది.

పచ్చిపులుసు

ఆమె పెట్టిన గడువు దాటకుండానే, ఒక పొద్దున నేను వార్డులోకి పోయేసరికి స్వరూప మంచం మీద లేచి కూర్చుని ఉంది. రవికె చెమటతో తడిసి ముద్దయింది. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. పక్క స్టూలు లాక్కుని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"అక్కా, ఆకలైతాంది. పచ్చిపులుసు, అన్నం తినాలనిపిస్తాంది" అంది.

"పచ్చిపులుసా! జ్వరం దిగీ దిగకముందే పులుసా!" అని అంజమ్మ అరిచింది. ఆ అరుపులో అంత సంతోషం వినడం అదే మొదటిసారి. సిస్టర్ స్వరూప కడుపు మీద గొట్టం పెట్టి విని, బొటనవేలెత్తి బాగానే ఉందన్నట్టు చూపించింది. బయట వరండాలో శ్రీశైలం గోడకు ఆనుకుని, కారు తాళాలు పడిపోయిన సంగతి కూడా చూసుకోకుండా ఏడుస్తున్నాడు. నర్సింగరావు గారు రౌండ్సుకు వచ్చి, చార్టు చూసి, నా భుజం తట్టి పోయారు. నా సర్వీసులో నాకు దొరికిన ప్రశంసాపత్రం అదే. పచ్చిపులుసుకు మాత్రం అంజమ్మ ఒప్పుకోలేదు. మెత్తటి అన్నంలో ఉప్పు, చారు పోసి పెట్టింది. స్వరూప గొణుక్కుంటూనే గిన్నె ఖాళీ చేసింది.

మా పరీక్షే ఆమెను బతికించిందని చెప్పను. మందు బతికించింది. మా పరీక్ష లేకపోయినా ఆ జ్వరం ఆ రోజే దిగేది. మా చదును గీత చేసిన పనల్లా ఒకటే. భయపడుతున్న డాక్టర్నూ, భయపడుతున్న అత్తనూ ఇంకో రెండు రోజులు కదలకుండా కూర్చోబెట్టింది. మా వృత్తిలో అంతకన్నా పెద్ద పని మేం ఎక్కువసార్లు చేయం. చేసినప్పుడు హాయిగా నిద్రపోండి.

ప్రాజెక్టు ఇంకా కొన్నేళ్లు నడిచింది. వ్యాసం వచ్చింది, ఐసు కథ లేకుండా. నేను ఆ ఐసు డబ్బాను బీరువా మీద పెట్టి, అందులో మా మధ్యాహ్నం టిఫిన్ గిన్నెలు పెట్టుకునేదాన్ని. ప్రతి రోగికీ, సంతకం కన్నా ముందు, "ఇది నల్లబడుతుంది, భయపడొద్దు" అని చెప్పడం మా మొదటి వాక్యమైంది. అయినా అందరూ భయపడేవారు.

జ్వరం తగ్గి కొన్ని నెలలయ్యాక రోగి నుంచి ఒక శాంపిల్ తీసుకునేవాళ్లం, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో పోల్చుకోవడానికి. స్వరూప వస్తుందని నేను అనుకోలేదు. ఒక మధ్యాహ్నం కొత్త రోగి దగ్గర తంటాలు పడుతున్నాను. కందుకూరు నుంచి వచ్చిన రైతు, ఆయన పక్కన భార్య. సీసా నల్లబడగానే ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని, "వద్దు, పోదాం పా" అని లాగుతోంది. నేను చెబుతున్నది ఆమె చెవికి ఎక్కడం లేదు.

తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏం గాదు తల్లీ, అందరిదీ నల్లగనే అయితది!"

అంజమ్మ. వెనకాల స్వరూప, రవికె చెయ్యి అప్పటికే పైకి మడుచుకుని. అంజమ్మ నన్ను దాటి నేరుగా ఆ రైతు భార్య దగ్గరికి పోయింది.

"నా కోడలిదీ గిట్లనే అయింది. గీ మార్తక్కదీ అయింది, నా చేతులనే అయింది. ఇగో, సూడు" అంటూ చంకలోని గుడ్డల మూటను తెరిచి చూపించింది. లోపల మూడు నెలల మగపిల్లాడు, నిద్ర చెడినందుకు మొహం ఎర్రగా చేసుకుని, గుక్క పట్టి ఏడవడం మొదలుపెట్టాడు.